అటెండెంట్ ఆరోగ్యం: సాధారణం

మా ఆసుపత్రి ఫారంలో పధ్నాలుగో గడి ఒకటుండేది. "అటెండెంట్ ఆరోగ్యం" అని అచ్చువేసి, పక్కన మూడంగుళాల ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీలో "సాధారణం" అని రాయడం నా పని. ప్రతి సోమవారం పొద్దున్నే ఫారాల కట్ట విప్పి, టీ చల్లారేలోగా నలభై ఫారాల్లోనూ ఆ ఒక్క మాటా రాసి పడేసేదాన్ని. మనిషిని చూసి రాయాల్సింది మనిషి రాకముందే రాసేదాన్ని. నాకన్నా ముందు చేసినవాళ్ళూ అలాగే రాశారు. ఎవరడుగుతారు? మంచం మీద పడుకున్నవాడికి కేస్ షీటు ఉంటుంది, ఓపీ నంబరు ఉంటుంది, పూటపూటా బీపీ చూస్తారు. మంచం పక్కన చాప పరుచుకుని పడుకున్నదానికి చేతిలో ఫ్లాస్కు తప్ప ఏమీ ఉండదు.

నా పేరు సువర్చల. కాకినాడలో, తాగుడు మాన్పించే పరిశోధన వార్డులో హెడ్ నర్సుగా చేశాను. ఇప్పుడు చెయ్యడం లేదు. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులని చెబుతున్నాను. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఆ వార్డు పెట్టింది డాక్టర్ శేషగిరిగారు. ఆయన్ని చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. రోగి వాంతి చేసుకుంటే ఆయా కోసం కేక వెయ్యకుండా తనే గుడ్డ తీసుకుని తుడిచే మనిషి. "తాగుడు ఒక్కడి రోగం కాదు సువర్చలగారూ, ఇంటి రోగం. మందు కూడా ఇంట్లోనే ఉంటుంది" అనేవారు. ఆ మందు పేరు జోడుపట్టీ.

దొరబాబు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పోర్టులో క్రేను నడిపేవాడు. తాగి క్రేనెక్కి కంటైనరు జారవిడిస్తే, ప్రాణాలేవీ పోలేదు గానీ, బాగుపడి వస్తేనే పని అన్నారట. ఒకపక్క తల్లి చిట్టెమ్మ, ఇంకోపక్క భార్య నూకరత్నం పట్టుకుని నడిపించుకొచ్చారు. నూకరత్నం రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి వెళ్ళేది. చేతులు రోజంతా ఐసులో నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పెళ్ళి చేత్తే దార్లో పడతాడన్నారండి, చేశాను" అంది చిట్టెమ్మ. "పిల్ల పుడితే మారతాడన్నారు, పుట్టింది. పెళ్ళయ్యి పన్నెండేళ్ళయ్యింది. ఇంక మిగిలింది మీ మిషనేనండి."

"మారాల్సింది నీ కొడుకైతే, అన్నీ తెచ్చి ఈ పిల్ల నెత్తిన పెట్టారేంటమ్మా?" అన్నాను నవ్వుతూనే.

"అదేంటండి సిస్టరుగారూ, ఆడదన్నాక..." అని ఊరుకుంది. ఆ మాట మొదలెట్టినవాళ్ళే తప్ప పూర్తి చేసినవాళ్ళని నేను చూడలేదు.

శేషగిరిగారు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తలలకి తీగలు అంటించారు. తెర మీద రెండు గీతలు పాకడం మొదలెట్టాయి. కాసేపటికి ఒకటి లేస్తే రెండోదీ లేచింది, ఒకటి వాలితే రెండోదీ వాలింది. పదేళ్ళు ఒక కప్పు కింద బతికిన ఆలుమగల మెదళ్ళు ఒకే తాళంలో నడుస్తాయి. ఆయన కనిపెట్టింది అదే.

"చూడమ్మా" అన్నారు నూకరత్నంతో. "ఇతనికి తాగాలనిపించినప్పుడు లోపల ఒక అల లేస్తుంది. ఇతని చెవి వెనక పట్టీ దాన్ని లాగి నీ పట్టీకి పంపుతుంది. ఫోన్ సిగ్నల్ అందినంత దూరం పంపుతుంది. నీకు మందు రుచే తెలీదు కదా, ఆ అల నీ దగ్గరికొచ్చి, ఏం కావాలో తెలీక, దానంతటదే చచ్చిపోతుంది. ఏడాది ఇలా జరిగితే ఇతని మెదడు ఆ అలల్ని లేపడమే మర్చిపోతుంది. అప్పుడు రెండు పట్టీలూ తీసేస్తాం."

"నాకేవన్నా అవుద్దాండీ?"

"కాస్త తల బరువుగా ఉంటుంది."

"ఇన్నాళ్ళూ లేనిదేవుందండి" అని, పట్టీ కట్టించుకోవడానికి తల వంచింది.

ఆ పట్టీ రంగు గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ రాసిందంతా దండగ. మొదటి బ్యాచ్‌లో నల్ల పట్టీలిచ్చాం. పదిహేను మంది ఆడవాళ్ళలో పదకొండు మంది నెల తిరక్కుండానే ఇళ్ళల్లో తీసేశారు. ఎందుకు తీశారని ఒక్కరమూ అడగలేదు. ఎలా తియ్యకుండా చెయ్యాలా అని మాత్రం గంటల తరబడి చర్చించాం. అప్పుడు నేనే అన్నాను, "సార్, పసుపు రంగు వేయించండి. మెడలోకి దిగే పసుపు తాడు ఒకటి పెట్టించండి. ఒక్కతీ తియ్యదు" అని. ఆయన బల్ల మీద చరిచి, "మీరుండాల్సింది నర్సుగా కాదండీ!" అన్నారు. ఆ పొగడ్తకి వారం రోజులు పొంగిపోయాను. రెండో బ్యాచ్‌లో నలభై జంటలు. ఒక్క పట్టీ ఊడలేదు.

మూడో రోజు ఛార్జింగు కోసమని నూకరత్నం పట్టీ పది నిమిషాలు తీశాం. దొరబాబు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. చూస్తుండగానే గ్లాసు సాసర్లో టకటకలాడింది. టీ లుంగీ మీద ఒలికింది. చేతులు రెండూ ఆకుల్లా వణికిపోతున్నాయి.

"దాహవేత్తందండి సిస్టరుగారూ" అన్నాడు.

మంచినీళ్ళిచ్చాను. గ్లాసు వంక చూసి తల తిప్పేసుకున్నాడు. "ఇది నీళ్ళ దాహం కాదండి."

నూకరత్నం చాప మీంచి లేచి, నా చేతిలోంచి పట్టీ లాక్కుని తనే తగిలించుకుంది. నిమిషంలో వాడి చేతులు నిమ్మళించాయి. ఆమె గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. నేను చూసింది వాడి చేతుల్ని. ఆమె ముఖం అప్పుడెలా ఉందో ఎంత గింజుకున్నా నాకు గుర్తురాదు. ఆ తర్వాత ఛార్జింగుకి కూడా ఆ పట్టీ తియ్యనివ్వలేదు, తీగ మెడకే తగిలించుకుని కూర్చునేది.

నేనెందుకు చూడలేదో నాకు తెలుసు. నాకూ ఒక మొగుడుండేవాడు. తాగేవాడు. ఇరవై తొమ్మిదో ఏట నా పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఏడేళ్ళకి వాడు పోయాడు. దినాల రోజు మా ఆడపడుచు అందరి ముందూ, "నువ్వు కాస్త ఓపిక పట్టుంటే మా తమ్ముడు బతికేవాడు" అంది. ఛీ, ఏం మాటలివి అని పైకి అన్నాను గానీ, ఆ మాట నా లోపల ముల్లులా దిగిపోయింది. ఈ జోడుపట్టీ వచ్చాక, సైన్సు కూడా అదే చెబుతోంది చూశావా అనుకున్నాను. ఓపిక ఉన్న పెళ్ళాం పక్కనుంటే తాగుబోతు బాగుపడతాడు. నేను చేతగానిదాన్ని, ఈ నూకరత్నాలు చేతనైనవాళ్ళు. వాళ్ళకి నొప్పి ఉంటుందని ఒప్పుకుంటే నా లెక్కంతా తారుమారవుతుంది. అందుకే అడగలేదు.

ఇరవై ఒక్క రోజులకి దొరబాబు నవ్వుకుంటూ ఇంటికెళ్ళాడు. గేటు దగ్గర తొమ్మిదేళ్ళ కూతురు లాస్య నిలబడి ఉంది. తండ్రి చెయ్యి చాపితే ముందు వాసన చూసింది. ఆ తర్వాతే పట్టుకుంది.

నెలలు గడిచాయి. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది చుక్క ముట్టలేదు. ఢిల్లీ నించి పెద్దలొచ్చి శేషగిరిగారికి శాలువా కప్పారు. మూడో నెల్లో రోగుల్ని ఇళ్ళకెళ్ళి చూసిరావడం నా డ్యూటీ. జగన్నాథపురంలో దొరబాబు ఇంటికి సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. వాడు వరండాలో కూర్చుని కూతురి యూనిఫారం ఇస్త్రీ చేస్తున్నాడు. బుగ్గలు నిండాయి. పోర్టులో మళ్ళీ పని ఇచ్చారట. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టాడు.

"మీ ఆవిడేదోయ్?"

"లోపలుందండి. ఈ మజ్జిన అదోలా ఉంటందండి. మీరోసారి చెప్పండి దానికి."

వంటింట్లోకి తొంగిచూశాను. అలమరలో ఉన్న ప్రతి డబ్బా మూతా తీసి ఉంది. పప్పు, ఉప్పు, కారం, కందిపొడి, ఇంగువ. నూకరత్నం ఒక్కో డబ్బా ఎత్తి వాసన చూసి పెట్టేస్తోంది. ఆఖరిది పెట్టేసి మళ్ళీ మొదటిది అందుకుంది. మనిషి సగమైపోయింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. "ఏదో కావాలండి. అదేంటో తెలీటం లేదు. చింతపండు తిన్నాను, పచ్చి బియ్యం నవిలాను, పాప సుద్దముక్క కొరికాను. షెడ్డులో ఐసుగడ్డలు నవులుతుంటే అంతా నవ్వుతున్నారండి. ఏదీ అది కాదండి. పండగపూట ఎవరో వత్తారని గుమ్మంలో నిలబడ్డట్టుంటది రోజంతా. ఎవరొత్తారో తెలీదు. రారు."

వెనక నించి చిట్టెమ్మ గొంతు తగ్గించి, "కొడుకు గట్టెక్కాడు, కోడలికి గాలి సోకిందండి. తాయెత్తు కట్టించాను" అంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆమె దగ్గరికొచ్చిన అల చచ్చిపోవడం లేదు. ఏం కావాలో తెలీకపోతే కోరిక చచ్చిపోతుందని చదువుకున్న మా అందరికీ ఎలా తోచిందో! అది పేరు లేకుండా బతుకుతోంది. వాడికి కనీసం సీసా ఉండేది, దీనికి అదీ లేదు.

మర్నాడు శేషగిరిగారితో చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "రక్తం తక్కువై ఉంటుందండీ. మన ఆడవాళ్ళలో మామూలేగా, బియ్యం, సుద్దలు తినడం. ఐరన్ మాత్రలు ఇప్పించండి."

"మిగతా వాళ్ళనీ ఒకసారి పిలిచి చూద్దాం సార్."

"వాళ్ళు మన పరిశోధనలో లేరు కదా సువర్చలగారూ. వాళ్ళు అటెండెంట్లు. అయినా ప్రతి వారం మీరే రాస్తున్నారుగా, సాధారణం అని?" అని ఫారాలు నా ముందుకి జరిపారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు. నా దస్తూరీ నాకే ఎదురు నిలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సెలవు పెట్టి పన్నెండు ఇళ్ళు తిరిగాను. ఒకావిడ రోజుకి ఆరుసార్లు ఇల్లు కడుగుతోంది. ఒకావిడ స్కూటరు పెట్రోలు మూత తీసి వాసన చూస్తోంది. ఒకావిడని పిచ్చిదని పుట్టింటికి పంపేశారు, పట్టీ మాత్రం అలాగే ఉంది. పన్నెండు మంది మొగుళ్ళూ పాలు తాగిన పిల్లల్లా కళకళలాడుతున్నారు.

ఐదో నెల్లో నూకరత్నం తనంతట తనే ఆసుపత్రికి వచ్చింది. ఓపీ కౌంటర్లో గుమాస్తా, "పేషెంటు పేరు?" అన్నాడు.

"నేనేనండి."

వాడు కంప్యూటర్లో చూసి, "మీరు దొరబాబు అటెండెంటుగా ఉన్నారు. అటెండెంటుకి కేస్ షీటు పుట్టదమ్మా. ఆయన్ని తీసుకురండి" అన్నాడు. వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, ఆమెని నా గదిలోకి తీసుకొచ్చాను. కత్తెర బల్ల మీద పెట్టాను.

"విను నూకరత్నం. నీకు గాలీ లేదు, ధూళీ లేదు. మీ ఆయన తాగుడు కోరికంతా నువ్వు మోస్తున్నావు. ఈ తాడు కోసేస్తే వారంలో నువ్వు మామూలు మనిషివవుతావు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా, వాడికి మాత్రం మళ్ళీ వస్తుంది. తర్వాత మందులున్నాయి, వాడి తంటాలు వాడు పడతాడు. నీకేం సంబంధం లేదు."

ఆమె కత్తెర వంక చూసింది. "ఇది తాగుడా అండీ" అంది. "ఇంత కట్టమాండి ఆయనకి? నేనేవో పొగరనుకునేదాన్ని."

"కోసేయనా?"

"నిన్న పాపని స్కూల్లో దింపడానికెళ్ళారండి. చెయ్యి పట్టుకుని. అది ఎగురుకుంటా వెళ్ళిందండి. ఇప్పుడెలా కోసేత్తారు?"

"నువ్వు చచ్చిపోతావే పిచ్చిదానా!" అని అరిచాను. ఆ మాట ఎందుకు వచ్చిందో నాకే తెలీదు.

దొరబాబుకి కబురుపెట్టి పిలిపించాను. అంతా విన్నాడు. తన చేతుల వంక చూసుకున్నాడు, అవి అప్పటికి రాయిలా స్థిరంగా ఉన్నాయి. నిజం చెప్పాలి, వాడు దుర్మార్గుడైతే ఈ కథ నాకు ఎంతో సులువయ్యేది. వాడు భార్య పక్కన కూలబడి, "తీసెయ్ రత్నం" అన్నాడు. గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

ఆ భయం ఆమెకి వినిపించింది. పన్నెండేళ్ళ కాపురం మరి. "మీరా మాట అన్నారు, చాలండి" అంది. "ఇంకెంత, ఏడు నెలలేగా. ఏడాది తిరిగాక డాట్రుగారే తీసేత్తారు." లేచి, పసుపు తాడు రవికలోకి తోసుకుని, మొగుడు ముందు నడుస్తుంటే వెనక నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను బలవంతంగా కోసేయాల్సింది. కొయ్యలేదు. ఆడది తనంతట తను ఒప్పుకుందంటే మనందరికీ ఎంత హాయిగా ఉంటుందో!

ఆరో నెల్లో రొయ్యల షెడ్డులో యంత్రాలు తుడవడానికి కొత్త స్పిరిట్ క్యాన్లు దించారట. మధ్యాహ్నం అన్నాల వేళ. పక్కన కూర్చుని తింటున్న మనిషి నాకు తర్వాత చెప్పింది: ఎవరో మూత తీశారు, గాలికి వాసన ఇటు కొట్టింది, నూకరత్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. "ఇదేనే" అందట. "ఇదే, ఇదే." ఆ ముఖంలో అంత సంతోషం ఆరు నెలలుగా చూడలేదట. చెయ్యి కడుక్కోవడానికి వెళుతోందనుకున్నారంట. ఎవరో వెళ్ళి చూసేసరికి అది తాగేసి క్యాను పక్కన పడి ఉందట.

నాకు దొరబాబు ఫోన్ చేశాడు. ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో చేర్చారు. నేను వెళ్ళేసరికి రెండున్నర. డ్యూటీ డాక్టరు కుర్రాడు కాగితాలు పట్టుకుని అడుగుతున్నాడు.

"ఆవిడకి తాగే అలవాటు ఉందా?"

"అయ్యో, లేదండి" అన్నాడు దొరబాబు. "ఆవిడకి ఏ అలవాటూ లేదండి. కాఫీ కూడా తాగదు."

ఆ కుర్రాడు రాసుకుని లోపలికి పోతుంటే వెంటపడ్డాను. పట్టీ కోసెయ్యమన్నాను. అదేంటో, ఎందుకో గబగబా చెప్పాను. లోపలి సిస్టరు తల అడ్డంగా ఊపింది. "పసుపు తాడు మేం ముట్టుకోం మేడమ్. మొగుడు బయట బతికుండగా తెంపితే ఇంటివాళ్ళు మా మీద పడతారు. డాక్టరుగారికి కూడా ముందే చెప్పాం. ఎవ్వరం తియ్యం" అని తలుపేసింది. ఆ తాడు అలా ఉండాలని సలహా ఇచ్చిన మనిషిని నేనేనని ఎవరితో చెప్పను?

వరండాలో బల్ల మీద దొరబాబు పక్కన కూర్చున్నాను. చిట్టెమ్మ మెట్ల దగ్గర కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుతోంది. లాస్యని బడి నించి ఎవరో తీసుకొస్తున్నారు. దొరబాబు మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఇంటికొచ్చాక తీసేద్దావండి సిస్టరుగారూ. మీరే కోసెయ్యండి. నేను ఓర్చుకుంటాను. అది ఆర్నెల్లు ఓర్చుకుంది, నేను ఓర్చుకోలేనా? ఏంటండి, ఓర్చుకోలేనా?"

"ఓర్చుకుంటావు" అన్నాను.

మూడూ ఇరవై అయ్యింది. వాడి మాట సగంలో ఆగింది. నాలుకతో పెదాలు తడుపుకున్నాడు.

"దాహవేత్తందండి."

నా సంచిలో నీళ్ళ సీసా ఉంది. మూత తీసి ఇచ్చాను. తీసుకున్నాడు. సీసాలో నీళ్ళు కదిలాయి, అంచుదాకా వచ్చి చొక్కా మీద పడ్డాయి. వాడు తాగలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు. మళ్ళీ క్రేను నడుపుతున్న చేతులు, కూతురి యూనిఫారం ఇస్త్రీ చేసిన చేతులు. రెండూ వణుకుతున్నాయి. భుజాల దాకా వణుకుతున్నాయి.

తల ఎత్తి నా వంక చూశాడు. కళ్ళలో ఇంకా కొంచెం ఆశ ఉంది.

"లోపల పట్టీ తీసేసుంటారు కదండీ సిస్టరుగారూ?"

ఐసీయూ తలుపు ఇంకా తెరుచుకోలేదు. లోపల నించి చప్పుడేమీ లేదు. వణుకుతున్న ఆ చేతుల్ని నా చేతుల్లోకి తీసుకున్నాను.

"తీసేసుంటార్లే దొరబాబూ" అన్నాను.